బస్తీ యన నేమి?

తెలుగు దినపత్రికలు చదువువారికి ‘పాతబస్తీ’ అను మాట కొత్తది కాదు. హైదరాబాదు నగరమున మూసీనదికి దక్షిణముగా నున్న భాగమునకు అది పత్రికలు పెట్టిన పేరు. నాలుగక్షరముల మాట, శీర్షికలో సులభముగా ఇముడును, చదువరికి వెంటనే బోధపడును. ఇంత స్థిరపడిన మాటను పట్టుకొని చర్చ యెందులకని కొందరికి తోపవచ్చును. కాని ఒక విచిత్రము గమనింపదగియున్నది. ఆ ప్రాంతమున పుట్టి పెరిగినవారు తమ ఊరిని తమలో తాము ఆ పేరుతో పిలుచుకొనుట అరుదు. ఉర్దూ మాటలాడువారు ‘పురానా షహర్’ అందురు. లాల్‌దర్వాజాలోను, గౌలిపురాలోను తరతరములుగా కాపురమున్న తెలుగువారిని ‘మీ ఇల్లెక్కడ?’ అని అడిగినచో గల్లీ పేరో, దర్వాజా పేరో, గుడి పేరో చెప్పుదురు. నది కావలి యొడ్డువారు అడిగినప్పుడు మాత్రము వారికి తెలియుటకై ‘పాతబస్తీ’ అందురు. పేరు పెట్టినవారు వేరు. ఆ పేరు మోయుచున్నవారు వేరు.

ఈ పేరు ఎట్లు వచ్చినది? దానికి ముందు అసలు ‘బస్తీ’ యన నేమి?

మాట పుట్టుక నిర్వివాదమైనది. సంస్కృతమున ‘వస్’ ధాతువునకు నివసించుట యని అర్థము. దాని సంతతియే మన ‘వసతి’. ఉత్తరదేశ భాషలలో వకారము బకారమై ‘బస్‌నా’ అను క్రియయు, దాని నుండి ‘బస్తీ’ అను నామమును ఏర్పడినవి. మరాఠీవారు వకారమును విడువక ‘వస్తీ’ అందురు. కన్నడదేశమున జైనాలయమును ‘బసది’ యనియు ‘బస్తి’ యనియు పిలుతురు. శ్రవణబెళగొళలో చంద్రగిరిమీద నున్న చంద్రగుప్త బస్తి పేరు యాత్రికు లెరిగినదే. ఢిల్లీలో హజ్రత్ నిజాముద్దీన్ దర్గా చుట్టును పెరిగిన పేటను నేటికిని నిజాముద్దీన్ బస్తీ యనియే వ్యవహరింతురు. ఉత్తరప్రదేశ్‌లో ‘బస్తీ’ యను పేర ఒక జిల్లాయే కలదు. ఇంతిజార్ హుసేన్ 1979లో వెలువరించిన ప్రసిద్ధమైన ఉర్దూ నవలకు పెట్టిన పేరును ఇదియే. ఇన్ని చోట్లను ఈ మాటలో నీచార్థము లేశమైనను లేదు. మనుష్యులు చేరి కాపురముండు చోటు బస్తీ, అంతియే.

ఇక తెలుగునకు వచ్చినప్పుడు ఈ మాట కొంత గొప్పదనమును సంపాదించుకొన్నది. ముప్పదులు, నలుబదులు, ఏబదుల నాటి వారపత్రికలలోని కథలు చదివినవారికి ఇది తెలియును. ఆ కథలలో లోకము రెండు భాగములు: ఒకటి పల్లె, రెండవది బస్తీ. పల్లెలో పాడియు పంటయు, తాతగారును ఉండుదురు. బస్తీలో కాలేజీ, కాఫీ హోటలు, సినిమా హాలు, విద్యుద్దీపములు, కోర్టు, ప్లీడరుగారు. పల్లెకుఱ్ఱవాడు చదువునకు బస్తీకి పోవును. సెలవులకు వచ్చునప్పటికి క్రాపింగు, చేతిగడియారము, వాటితోపాటు కొంత నిర్లక్ష్యమును తెచ్చుకొనును. ‘బస్తీ పోకడ’, ‘బస్తీ షోకు’, ‘బస్తీ పిల్ల’ అను మాటలు ఆకర్షణను, అనుమానమును సమానముగా మోసెడివి. పల్లెయందు మమత గలిగియు బస్తీయం దాశ చావని మధ్యతరగతివారి మనఃస్థితి యంతయు ఆ రెండక్షరములలో దాగియున్నది. ఏమైనను అచ్చట బస్తీ యనిన పట్టణమే గాని పూరిపాకల గుంపు కాదు. ‘బస్తీ మే సవాల్’ అను హిందుస్థానీ పలుకుబడిని మనవారు ఎంత చనువుగా వాడుదురో అందరును ఎరుగుదురు. ఊరంతయు వినునట్లు తొడ చరచి విసరిన సవాలు అని దాని భావము. అక్కడను బస్తీ యనిన ఊరే.

ఈలోగా హైదరాబాదులో ఏమి జరుగుచుండెను? 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారు నిర్మింపించి నగరమును స్థాపించెను. అతడు దక్కనీ భాషలో కవిత్వము చెప్పిన రాజు. తన పట్టణము జనసమృద్ధము కావలెనని భగవంతుని వేడుకొనుచు అతడు వాడిన మాట ‘షహర్’. కుతుబ్‌షాహీల పాలన 1687లో అంతమైనది. అటుతరువాత 1724 ప్రాంతమున మొగలు సుబేదారు ముబారిజ్‌ఖాను నగరమునకు కోటగోడ నారంభింపగా, దానిని మొదటి ఆసఫ్‌జా పూర్తి గావించెను. సుమారు ఆరు మైళ్ల చుట్టుకొలత గల ఆ రాతిగోడకు పెద్ద దర్వాజాలును, చిన్న ఖిడ్కీలును ఉండెడివి. వానిలో నేటికి నిలిచియున్నవి పురానాపూల్ దర్వాజా, దబీర్‌పురా దర్వాజా మాత్రమే. తక్కినవి పేర్లుగా మిగిలినవి.

గోడ యున్నంతకాలము జనుల వ్యవహారము స్పష్టముగా ఉండెను. గోడకు లోపల నున్నది ‘అందరూన్’, వెలుపల నున్నది ‘బైరూన్’. పాత చిరునామాలలో ‘బైరూన్ యాకూత్‌పురా’ యని వ్రాసినచో దర్వాజా దాటి వెలుపల వెదకుకొనవలెనని అర్థము. లోపలిది షహరు. సర్కారు కాగితములలో అదియే ‘బల్దా’. అరబ్బీలో పట్టణమునకు పేరు. నగర రక్షకాధికారి ‘కొత్వాల్-ఎ-బల్దా’. 1920 మొదలు 1934 వరకు ఆ పదవి నలంకరించిన రాజాబహద్దూర్ వెంకటరామారెడ్డిగారిని తెలుగువారు ‘కొత్వాల్ సాహెబు’ అనియే నేటికిని తలంచుకొందురు. మునిసిపాలిటీ ‘బల్దియా’. ఈ మాటకు గల ఆయుర్దాయము చూడుడు: రాజ్యము పోయినది, గోడ పోయినది, పాలకభాష మారినది, కాని నగరపాలక సంస్థను మన తెలుగు పత్రికలు నేటికిని ‘బల్దియా’ యనియే వ్రాయుచున్నవి.

1869లో మొదటి సాలార్‌జంగు కాలమున మునిసిపల్ శాఖ యేర్పడినప్పుడు గోడలోపలి నగరమును, నది కుత్తరముననున్న చాదర్‌ఘాటు ప్రాంతమును వేరువేరుగానే లెక్కించిరి. 1933లో గాని ఆ రెండును ఒక కార్పొరేషను క్రిందికి రాలేదు. సికింద్రాబాదు 1960లో కలిసినది. కావున చాలకాలము వరకు హైదరాబాదు అనగా ముఖ్యముగా ఆ లోపలి షహరే. దానికి ‘పాత’ యను విశేషణముతో పని యేమి? కొత్తది బలపడినప్పుడు గదా పాతది పాతదగుట!

ఆ బలము మారుటకు గల కారణములలో మూసీ వరద యొకటి. 1908 సెప్టెంబరు 28న వచ్చిన ఆ వరదలో సుమారు 15,000 మంది మరణించిరని అంచనా. తరువాత 1911లో ప్లేగు చెలరేగినది. 1912లో ‘ఆరాయిష్-ఎ-బల్దా’ యను నగరాభివృద్ధి సంఘమును స్థాపించి, ఇరుకు మొహల్లాలను తొలగించి, వెడల్పయిన వీథులు వేయించిరి. వరదల నివారణకై పైన ఉస్మాన్‌సాగరు, హిమాయత్‌సాగరు కట్టిరి. కాని కలిగినవారు ఒకరొకరుగా నది దాటి ఉత్తరపు మెట్టభూములలో బంగళాలు కట్టుకొనిరి. ఏడవ నిజామే దక్షిణపు ప్రాసాదములు విడిచి కింగ్‌కోఠీలో నివసించెను. ప్రభువు దారి యెటో ఉద్యోగుల దారియు అటే గదా.

1926లో సురవరం ప్రతాపరెడ్డిగారు గోలకొండ పత్రికను ప్రారంభించిన నాటికి హైదరాబాదు తెలుగు పత్రికాభాష విచిత్రమైన సమ్మేళనము. ఒకవైపు సంస్కృత సమాసములు, మరొకవైపు తాలూకా, సుబా, మొహతమీము, నాజిము, ఫర్మానా. పాఠకునకు ఇవి రెండును పరిచితములే గనుక ఎవరికిని ఇబ్బంది లేకుండెను. నగరమును గౌరవముగా చెప్పవలసినప్పుడు ‘భాగ్యనగరము’ అనిరి. మామూలుగా చెప్పునప్పుడు హైదరాబాదు, పట్టణము అనిరి. తెలంగాణపు పల్లెజనులకు ‘పట్నం’ అనిన వేరొక పట్నము లేదు, అది హైదరాబాదే. ‘పట్నం బోయిండు’ అనినచో ఏ పట్నమని తిరిగి ప్రశ్నించువాడు పరదేశి యన్నమాట.

మరి హైదరాబాదు పలుకుబడిలో బస్తీ లేదా? ఉన్నది. అయితే అది మొత్తము నగరమునకు పేరు కాదు. నగరములోని ఒక చిన్న నివాససమూహమునకు పేరు. పది గల్లీలు, ఒక బావి, ఒక మసీదో మైసమ్మ గుడియో, ఒకరి పేరు ఒకరికి తెలిసిన జనము: అది బస్తీ. మొహల్లా కంటె ఒకింత పేదది, కాని మొహల్లా యంతటి ఆత్మీయత గలది. ‘మన బస్తీ పోరడు’ అను మాటలో ఎంత చుట్టరికమున్నదో ఆ మాట అనువానికే తెలియవలెను. కృష్ణాతీరమున బస్తీ ఊరికంటె పెద్దది. మూసీతీరమున ఊరిలో నొక భాగము. ఒకే మాట, రెండు కొలతలు.

ఈ రెండు కొలతలును 1956 తరువాత ఒకే పత్రికాపుటలో తటస్థపడినవి. ఆ కాలమున తెలుగు దినపత్రికలకు పెట్టనికోట విజయవాడ. విశాలాంధ్ర అచ్చట 1952లో పుట్టినది. ఆంధ్రజ్యోతి 1960లో పుట్టినది. ఈనాడు 1974లో విశాఖపట్టణమున పుట్టి, 1975లో హైదరాబాదునకు వచ్చినది. రాజధానికి చేరిన విలేకరులలోను ఉపసంపాదకులలోను కోస్తాజిల్లాలవారు హెచ్చు. వారి చెవిని ‘పురానా షహర్’ అనియు, ‘ఓల్డ్ సిటీ’ యనియు పడెను. దీనిని తెలుగు చేయవలెను. ‘పాతనగరము’ అనవచ్చును గాని అది పుస్తకములలో శిథిలావశేషములకు పెట్టు పేరువలె నుండును. ‘పాతపట్నం’ అందమా, ఆ పేర శ్రీకాకుళము జిల్లాలో ఒక ఊరే యున్నది. పైగా తెలంగాణవారికి పట్నమంతయు పట్నమే. ‘పాత ఊరు’ అనిన పల్లెటూరి వాసన. అట్టి సమయమున వారి నాలుకమీద నున్న బస్తీ వచ్చి నిలిచెనని నా యభిప్రాయము.

ఇది కేవలము ఊహ కాదనుటకు ఒక చక్కని సాక్ష్యమున్నది. విజయవాడలో కాలువలకును కొండకును నడుమ నున్న పురాతనభాగమును, వన్‌టౌను అని జనులు పిలుచుదానిని, పత్రికలు ‘పాతబస్తీ’ యనియే వ్రాయును. అక్కడ కోట లేదు, నవాబు లేడు. బంగారపు దుకాణములును, బట్టల కొట్లును, వంశపారంపర్యముగా వచ్చిన మేడలును గల వర్తకుల పేట అది. దానిని పాతబస్తీ యన్నందువలన ఎవరికిని చిన్నతనము కలుగలేదు. బస్తీ యనిన టౌను. పాతబస్తీ యనిన పాత టౌను. ఈ కొలబద్దనే తెచ్చి మూసీ యొడ్డున పెట్టిరి. వాడినవారి తలంపులో తప్పు లేదు. అనువాదముగా చూచిన, ఆనాటి అర్థమును బట్టి, ఉత్తమమైన అనువాదము.

కాని మాటలు అనువాదకుల యధీనములో నుండవు. అదే కాలమున బస్తీ అర్థము మారజొచ్చినది. కలకత్తాలో ఆంగ్లేయుల నాటినుండియు ఈ మాట మునిసిపల్ చట్టములలో గుడిసెల సముదాయమును తెలుపు పారిభాషిక పదమైపోయినది. మనకును 1956లో మురికివాడల అభివృద్ధికై ఒక శాసనము వచ్చినది. ఇంగ్లీషులోని ‘స్లమ్’ అను పదమునకు మనవారు ‘మురికివాడ’ యని తెలుగు కట్టిరి. ఎంత నిర్దయమైన మాట! కుళాయి లేదు, కాలువ లేదు, భూమి పట్టా లేదు. ఈ లేములన్నియు ప్రభుత్వపు లెక్కలోనివి. మురికి మాత్రము అచ్చట నుండువారి పేరున చేరినది. ఏ తల్లి తన బిడ్డను బడిలో చేర్చునప్పుడు ‘మాది మురికివాడ’ యని చెప్పును? ‘మాది ఫలానా బస్తీ’ అని చెప్పును. 1967లో హైదరాబాదు నగరపాలక సంస్థ పట్టణ సమాజాభివృద్ధి పథకమును ప్రారంభించి ఆ వాడలలోనికి పోయినప్పుడు కార్యకర్తలును బస్తీ యనియే వ్యవహరించిరి. అట్లు చేయుట మర్యాద. 2018లో ప్రభుత్వము పేదల పేటలలో చిన్న వైద్యశాలలు తెరచి ‘బస్తీ దవాఖానా’ యని పేరు పెట్టినది. ఆ రెండు మాటలును నగరపు నోటినుండి నేరుగా తీసినవి. ‘మురికివాడ ఆసుపత్రి’ యని పెట్టియుండిన గుమ్మ మెక్కువారెవరు?

కావున బస్తీ పతనమైన పదమని తేల్చివేయుటయు అన్యాయమే. పట్టణమను పెద్దరికమును పోగొట్టుకొన్నది నిజము. దానికి బదులుగా పేదవాని ఆత్మగౌరవమునకు నీడ యైనది. చిక్కంతయు ‘పాతబస్తీ’ దగ్గర వచ్చినది. నేటి యువపాఠకుని చెవికి బస్తీ యనిన టౌను కాదు. పాతబస్తీ యనిన అతనికి తోచునది పాతదైన పేదల వాడ. నిర్మాణకౌశలమున భారతదేశమంతటికిని పేరొందిన ఒక రాజధానీనగరమునకు ఆ యర్థము తగునా?

దీనికి తోడు పత్రికలు ఆ మాటను వాడిన తీరొకటి యున్నది. 1978 మొదలు 1990 డిసెంబరు వరకు నగరమున పలుమారులు మతకలహములు చెలరేగినవి. ఆ సంవత్సరములలో పాఠకుడు ఆ పేరును ఏ మాటల పొత్తున చూచెనో జ్ఞప్తికి తెచ్చుకొనుడు: ఉద్రిక్తత, కర్ఫ్యూ, కత్తిపోట్లు, సడలింపు, మరల ఉద్రిక్తత. వార్తలు అబద్ధములు కావు. జరిగినది వ్రాసిరి. కాని నారాయణగూడలో దొంగతనము జరిగిన నారాయణగూడలో జరిగినదని వ్రాయుదురు; హిమాయత్‌నగరులో అల్లరి జరిగిన హిమాయత్‌నగరు పేరే వచ్చును. శాలిబండలో జరిగినది మాత్రము ‘పాతబస్తీలో’ జరుగును. ఒక గల్లీలోని తగవు మైళ్ల పొడవునగల నగరమునకంతటికి అంటుకొనును. అచ్చట కత్తి పట్టినవాడొకడు. గాజులకు లక్క పూయుచు, దుకాణము మూతపడి పస్తున్నవారు వేలు. శీర్షికలో వీరందరికిని ఒకటే పేరు.

దీనికి విపర్యయము కూడ చూడవలెను. 1920లో తెరచిన హైకోర్టు భవనము మూసీకి దక్షిణపు టొడ్డుననే యున్నది. దాని ప్రక్కనే సిటీ కాలేజీ. 1968 నుండి నేటి భవనమున నున్న సాలార్‌జంగు మ్యూజియము కూడ ఆ యొడ్డుదే. ‘పాతబస్తీలోని హైకోర్టు నేడు తీర్పు చెప్పినది’ అని ఏ పత్రికయైనను వ్రాయుట చూచితిమా? తీర్పులును, చిత్రపటములును భూగోళమునకు అతీతములు. కర్ఫ్యూ మాత్రము పాతబస్తీది. పండుగల సంగతి కొంత మేలు. ఆషాఢమున గోలకొండలో మొదలై, సికింద్రాబాదు ఉజ్జయినీ మహంకాళి మీదుగా లాల్‌దర్వాజా సింహవాహినికి చేరు బోనాలనుగూర్చి వ్రాయునప్పుడును, హరిబౌలిలో అక్కన్న మాదన్నల పేర వెలసిన గుడి ఊరేగింపునుగూర్చి వ్రాయునప్పుడును, రంజానునాటి రాత్రుల సందడిని వర్ణించునప్పుడును విలేకరుల కలమునకు గల్లీల పేర్లు తెలియుచున్నవి. మంచి రోజులలో తెలిసిన పేర్లు చెడ్డరోజున మరపునకు వచ్చుట యెట్లో!

ఉర్దూ పత్రికలు కూడ కర్ఫ్యూ వార్తలు వ్రాసినవి. వారికి అది ‘పురానా షహర్’. ఎంత చెడ్డ వార్తలోనైనను ‘షహర్’ అను మాట తన పరువు తాను నిలుపుకొన్నది. కులీ కుతుబ్‌షా ప్రార్థించిన మాటయే గదా. తెలుగులో ఆ బరువును మోయగల మాట ‘నగరము’. ‘పాతనగరము’ అనుట కృతకమని మొదట నేనే అంటిని. అయినను పదిమంది పదేండ్లు వాడిన ఏ మాట కృతకముగా మిగిలినది? ‘రైలుబండి’ యును ఒకనాడు కృతకమే. కాని పత్రికలవారు ఇప్పుడు మార్తురని నాకు నమ్మకము లేదు, మార్చనక్కరయు లేదేమో. గల్లీ పేరు తెలిసినచోట గల్లీ పేరు వ్రాసిన చాలును. సగము చిక్కు దానితో తీరును.

ఇంకొక వింత మిగిలియున్నది. గోడ పోయిన తరువాత ఈ పేరునకు ఎల్లలు లేకపోయెను. 1893లో పూర్తియైన ఫలక్‌నుమా ప్రాసాదము గోడకు ఎంతో దూరముగా, కొండమీద, శుద్ధమైన బైరూన్‌లో కట్టినది. అరబ్బు సైనికుల బారకాసుల వలన పేరు వచ్చిన బార్కస్, ఆ దారిలోని చాంద్రాయణగుట్ట నాటి షహరువారి దృష్టిలో ఊరి వెలుపలివే. నేడవి యన్నియు పాతబస్తీయే. మొన్నమొన్న వెలసిన కాలనీలు కూడ, నదికి దక్షిణమున పుట్టిన పాపమునకు, పుట్టుకతోనే ‘పాత’ వైనవి.

2024 మార్చిలో ఆ వైపునకు మెట్రో రైలు మార్గము పొడిగింపునకు ఫలక్‌నుమాలో శంకుస్థాపన జరిగినది. పత్రికలు వెంటనే దానికి ‘పాతబస్తీ మెట్రో’ యని నామకరణము చేసినవి. ఆ మార్గమున రాబోవు స్టేషనులకు ప్రకటించిన పేర్లలో సాలార్‌జంగు మ్యూజియము ఉన్నది, చార్మినారు ఉన్నది, శాలిబండ ఉన్నది, ఫలక్‌నుమా ఉన్నది. పాతబస్తీ యను పేరు ఏ స్టేషనునకును పెట్టలేదు.